ఈ చేప ఎక్కడ పుట్టింది?

వానలు పడి చెరువుల్లోకి నీళ్ళు చేరుతుంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మత్స్య సహకార సంఘాల్లో అందరి నోటా ఒకటే మాట. చేపపిల్లలు ఎప్పుడొస్తాయి? ఎక్కడి నుంచి వస్తాయి? ఎంత సైజువి వస్తాయి? 2016లో రాష్ట్ర ప్రభుత్వం చేపపిల్లల ఉచిత పంపిణీ మొదలుపెట్టాక ఈ ప్రశ్నలు ఇంకా గట్టిగా వినిపిస్తున్నాయి. స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరైనా, కాకతీయుల ఆడపడుచు మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువైనా, గణపురం దగ్గరి గణపసముద్రమైనా, ఇవాళ వలలో పడే బొచ్చె, రవ్వు, మ్రిగాల చేపల్లో ఎక్కువ భాగం ఏదో ఒక హేచరీలో పుట్టినవే. సంచి విప్పి చెరువులో వదిలేముందు పిల్లల సైజు చూస్తారు, ఎన్ని చచ్చాయో చూస్తారు, ఏ హేచరీవో కనుక్కుంటారు. పిల్ల బాగుంటేనే పంట బాగుంటుందని వాళ్ళకు తెలుసు.

ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. బొచ్చె, రవ్వు లాంటి చేపలు నిలిచిన నీటిలో పెరుగుతాయి కానీ గుడ్లు పెట్టవు. వరదనీటి పారుదల లేకపోతే వాటి ఒంట్లో గుడ్లు పెట్టడానికి కావలసిన హార్మోన్లు కదలవు. అందుకే ఒకప్పుడు చేపల పెంపకమంతా నదుల మీదే ఆధారపడేది. గంగలో వరదలొచ్చినప్పుడు గుడ్లనూ పిల్లలనూ సన్నటి వలలతో పట్టి, కుండల్లో పోసి దేశమంతా పంపేవారు. అందులో ఏ జాతి పిల్ల ఎంతుందో పట్టినవాడికే తెలిసేది కాదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఒక చేప పీయూష గ్రంథి నుంచి తీసిన సారాన్ని ఇంకో చేపకు సూదితో ఎక్కించి, వరద లేకుండానే గుడ్లు పెట్టించాడు. మనం ఏటా జులై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే. ఆ పద్ధతి ఊరూరికీ చేరాక నదిలో పిల్లల వేట క్రమంగా తగ్గింది.

గాజుతొట్టిలో పెంచే సముద్రపు రంగు చేపల విషయంలో ఆ మలుపు ఇంకా పూర్తి కాలేదు.

ఇంట్లో పెంచే మంచినీటి అక్వేరియం చేపల్లో, అంటే గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్, ఏంజెల్ లాంటి వాటిలో, నూటికి 90కి పైగా ఫారాల్లో పుట్టినవే. ఉప్పునీటి చేపల లెక్క దీనికి తలకిందులు. వాటిలో చాలా ఎక్కువ భాగం ఇప్పటికీ పగడపు దిబ్బల మీద పట్టినవే. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం తరఫున వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఏటా సుమారు 2 కోట్ల నుంచి 2.4 కోట్ల సముద్రపు చేపలు ఈ వ్యాపారంలో చేతులు మారుతున్నాయి. జాతులు 1,471. వీటిలో అత్యధికం ఫిలిప్పీన్స్, ఇండోనేషియా తీరాల నుంచి వచ్చేవి.

పట్టే తీరు కూడా తెలుసుకోవాలి. పగడాల సందుల్లో దాక్కునే చేపను చేతివలతో పట్టాలంటే ఓపిక కావాలి, నేర్పు కావాలి. 1960లలో ఫిలిప్పీన్స్‌లో దీనికి ఒక దొంగదారి దొరికింది. సోడియం సైనైడ్ బిళ్ళలను నీళ్ళలో కరిగించి, సీసాతో పగడాల సందుల్లోకి చిమ్మడం. కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా సైనైడ్ అడ్డుపడుతుంది కాబట్టి చేప మత్తుగా బయటికి తేలుతుంది. మోతాదు ఎక్కువైన చేపలు అక్కడే చస్తాయి. బతికినవి నిగనిగలాడుతూ దుకాణానికి చేరి, కొన్నాళ్ళకు కారణం తెలియకుండా పోతాయి. ఆ ద్రావణం సోకిన పగడాలు రంగు కోల్పోయి చచ్చిపోతాయి. వందల ఏళ్ళు పెరిగిన దిబ్బకు జరిగే ఆ నష్టం చేప ధరలో ఎక్కడా కనిపించదు. ఫిలిప్పీన్స్‌లోనూ ఇండోనేషియాలోనూ సైనైడ్ వేట నేరమే. అయినా పూర్తిగా ఆగలేదు.

దీనికి పరిష్కారం హేచరీ అయినప్పుడు, అన్ని జాతులనూ హేచరీల్లో ఎందుకు పుట్టించడం లేదన్న ప్రశ్న వస్తుంది. జవాబు లార్వాల నోటి సైజులో ఉంది.

దిబ్బ మీద బతికే చేపల్లో చాలావాటి గుడ్లు నీటిలో తేలిపోతూ ఉంటాయి. అందులోంచి వచ్చే లార్వా మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఒంట్లోని పచ్చసొన అయిపోతుంది. ఆ లోగా అది నోరు తెరిచి, తన నోట్లో పట్టేంత చిన్న ప్రాణిని వేటాడి తినాలి. ఆ తిండి దొరక్కపోతే ఒక్క రోజులో తొట్టి మొత్తం ఖాళీ అవుతుంది. హేచరీల్లో సామాన్యంగా వాడే తిండి రోటిఫర్లనే సూక్ష్మప్రాణులు. మైక్రో ఆల్గే అనే సూక్ష్మ నాచు పెట్టి వీటిని పెంచుతారు. లార్వాలు కాస్త ఎదిగాక ఆర్టీమియా అనే ఇంకాస్త పెద్ద ప్రాణిని ఇస్తారు. భీమిలి నుంచి నెల్లూరు దాకా మన తీరంలో రొయ్యల హేచరీల్లో పనిచేసేవాళ్ళకు మైక్రో ఆల్గే, ఆర్టీమియా రోజువారీ మాటలే. కానీ కొన్ని జాతుల లార్వాలకు రోటిఫర్ కూడా పెద్దదే. వాటికి ఇంకా చిన్నవైన, కోపిపాడ్ అనే సూక్ష్మప్రాణి పిల్లలు కావాలి. ఆ కోపిపాడ్లను ఏడాది పొడవునా పుష్కలంగా పెంచడం చేపను పెంచడం కన్నా కష్టం.

ఎల్లో టాంగ్ కథ దీనికి సాక్ష్యం. హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ ఏళ్ళ తరబడి పనిచేసి 2015లో గానీ ఆ పసుపు చేప పిల్లలను పూర్తిగా పెంచలేకపోయింది. మరుసటి ఏడు, 2016లో, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు బ్లూ టాంగ్‌ను సాధించారు. యానిమేషన్ సినిమాలో డోరీగా పిల్లలందరికీ తెలిసిన చేప అది. సాధించడమంటే వేల లార్వాల్లో కొద్దిపాటి పిల్లలు దక్కడమే. ప్రయోగశాలలో దక్కిన చేప మన ఊరి దుకాణానికి చవగ్గా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. కాబట్టి ఇక్కడి దుకాణంలో బ్లూ టాంగ్ కనిపిస్తే అది దిబ్బ మీద పట్టిందనే అనుకోవాలి. పైగా అది 30 సెంటీమీటర్ల దాకా ఎదిగి, రోజంతా ఈదుతూ తిరిగే చేప. నాలుగడుగుల తొట్టి దానికి చాలదు.

క్లౌన్ చేప ఇందుకు పూర్తిగా భిన్నం. అది గుడ్లను నీళ్ళలో వదిలేయదు, రాతికి అంటించి పెడుతుంది. మగచేప వాటి పక్కనే ఉండి, రెక్కలతో నీరు ఆడిస్తూ, పాడైన గుడ్లను ఏరేస్తూ కాపలా కాస్తుంది. వారం, ఎనిమిది రోజులకు చీకటి పడ్డాక పిల్లలు బయటికి వస్తాయి. పుట్టేసరికే అవి కాస్త పెద్దవి, వాటి నోట్లో రోటిఫర్ పడుతుంది. పది పదిహేను రోజుల్లో తెల్లచారలు మొదలవుతాయి. ఈ సౌలభ్యం వల్లే 1970లలో ఫ్లోరిడాలో మార్టిన్ మో లాంటివాళ్ళు వీటిని హేచరీలో పెంచి అమ్మగలిగారు. వీటి కుటుంబం కూడా విచిత్రమే. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడచేప, దాని తర్వాతది మగది, మిగతావి ఎదగకుండా వేచి ఉండే పిల్లలు. ఆడది పోతే మగచేపే ఆడదిగా మారుతుంది. కాబట్టి ఇంటికి ఆడా మగా వెతుక్కోనక్కర్లేదు. చిన్న పిల్లలు రెండు తెస్తే ఎవరు ఎవరో అవే తేల్చుకుంటాయి.

మన దేశంలోనూ ఈ పని బాగానే సాగింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపంలో, కేరళలోని విళింజంలో పలు క్లౌన్ జాతులనూ డామ్సెల్ చేపలనూ హేచరీలో పెంచింది. ఈమధ్య విళింజం కేంద్రం అజ్యూర్ డామ్సెల్‌ను, ఆర్నేట్ గోబీని కూడా సాధించింది. అజ్యూర్ డామ్సెల్ నీలమూ పసుపూ కలిసిన చిన్న చేప. పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర కేంద్రం క్లౌన్ చేపల మీద పనిచేసింది. లక్షద్వీప్‌లోని అగట్టి దీవిలో జాతీయ మత్స్య జన్యు వనరుల బ్యూరో అక్కడి మహిళలకు రంగు రొయ్యల పెంపకం నేర్పింది. దిబ్బను గీకి అమ్మడం కన్నా దిబ్బ పక్కనే తొట్టెలు పెట్టి పెంచి అమ్మడం ఆ మహిళలకు నికరమైన ఆదాయం.

మన తెలుగు తీరానికి ఇందులో ఇంతకన్నా పెద్ద చోటు ఉండాలని నా అభిప్రాయం. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం తినే చేపల్లో ఆరెంజ్ స్పాటెడ్ గ్రూపర్‌నూ ఇండియన్ పాంపనోనూ హేచరీలో పుట్టించి చూపించింది. నీళ్ళున్నాయి, మైక్రో ఆల్గే పెంచే చేతులున్నాయి, విద్య ఉంది. రొయ్యకు ధర పడిపోయిన ఏడాది ఖాళీగా ఉండే తొట్టెలూ ఉన్నాయి. కొనేవాళ్ళు హేచరీ చేప కావాలని అడగడం మొదలుపెడితే ఆ తొట్టెల్లో కొన్ని క్లౌన్ చేపలతో నిండుతాయి.

ఇండోనేషియాలో సులవేసి పక్కనున్న బంగ్గాయి దీవుల కార్డినల్ చేప కథ ఇక్కడ చెప్పక తప్పదు. వెండి ఒంటి మీద నల్లచారలు, తెల్లచుక్కలు ఉంటాయి. 1990లలో అక్వేరియం లోకం దాని వెంటపడింది. ఈ చేపలో మగది గుడ్లను నోట్లో పెట్టుకుని, తిండి మానేసి, పిల్లలు ఎదిగేదాకా మోస్తుంది. పిల్లలు బయటికి వచ్చేసరికి పెద్ద చేపల రూపంలోనే ఉంటాయి. కెరటాల్లో కొట్టుకుపోయే లార్వా దశ వాటికి లేదు. ఈ గుణం వల్లే హేచరీలో పెంచడం చాలా తేలిక. ఈ గుణం వల్లే సముద్రంలో దానికి ముప్పు కూడా. లార్వాలు కొట్టుకొచ్చే జాతుల్లో ఒక దిబ్బ ఖాళీ అయితే ఇంకో దిబ్బ నుంచి పిల్లలు చేరతాయి. ఈ చేపకు ఆ దారి లేదు. ఒక అఖాతంలో పట్టేస్తే ఆ అఖాతంలో అయిపోయినట్టే. ఏటా లక్షల్లో పట్టాక 2007లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. అంత సులువుగా తొట్టిలో పుట్టే చేపను సముద్రంలో అంతగా పట్టడం నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది. బంగ్గాయి కొనాలనుకుంటే హేచరీదే కొనాలి, లేదంటే మానేయాలి.

శుభ్రం చేసే చేపగా అమ్మే క్లీనర్ రాస్ సంగతి ఇంకొకటి. దిబ్బ మీద అది పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని బతుకుతుంది. చేపలు దాని దగ్గరికి వరసకట్టి వస్తాయి. ఆస్ట్రేలియాలో లిజార్డ్ ద్వీపం దగ్గర కొన్ని చిన్న దిబ్బల మీది నుంచి వీటిని ఎనిమిదేళ్ళకు పైగా తొలగిస్తూ వచ్చారు. ఆ దిబ్బల మీద చేపల సంఖ్య మూడో వంతుకు పైగా తగ్గింది, జాతులూ తగ్గాయి. మన తొట్టిలో రెండు చేపలకు అది ఏం శుభ్రం చేస్తుంది? తిండి చాలక ఎండిపోతుంది. బతికున్న కోపిపాడ్లనే వెతుక్కుని తినే మాండరిన్, పగడాలనే కొరికే సీతాకోక చేపలు కూడా అంతే, సముద్రంలో పట్టి తెచ్చినవి చాలావరకు ఆకలితోనే పోతాయి.

హేచరీ చేప వల్ల పెంచేవాడికి దక్కే లాభం ఇక్కడే ఉంది. అది పుట్టినప్పటి నుంచి తొట్టి నీళ్ళలో, మనిషి వేసే తిండి మీద పెరిగింది. గుళికలు దానికి తిండిగా తెలుసు. గాజు దానికి కొత్త కాదు. పట్టుబడిన బెదురు, విషం, రోజుల తరబడి ఆకలి అది చూడలేదు. తెచ్చిన మొదటివారంలో బతకడమా చావడమా అన్నది ఎక్కువగా ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

దుకాణంలో ఏం అడగాలి? చేప శాస్త్రీయ నామం అడగండి. ఏ హేచరీ, ఏ ఊరు అని అడగండి. ‘ఇది టాంక్ బ్రెడ్డే’, అంటే తొట్టిలో పుట్టిందే, అన్న మాట ఒక్కటే చాలదు, సరుకు వచ్చిన బిల్లు చూపించమనండి. మీ ఎదుట గుళికలు వేయించి, తింటుందో లేదో చూడండి. వచ్చిన రోజే కొనకుండా వారం ఆగి వెళ్ళి, అదే చేప ఇంకా బాగుందేమో చూడండి. క్లౌన్ చేపల్లో చారలు వంకరగా, సగంలో ఆగిపోయి ఉంటే హేచరీదయ్యే అవకాశం ఎక్కువ. అయితే అదొక్కటే రుజువు కాదు. క్లౌన్ చేపకు అనిమోన్ అనే సముద్రజీవి కూడా ఉండాలని దుకాణదారు అంటే నమ్మకండి. సముద్రంలో వేటగాళ్ళ నుంచి దాక్కోవడానికి దానికి అనిమోన్ కావాలి, తొట్టిలో వేటగాడే లేడు.

ఇక చట్టం. పగడాలు, సముద్రపు గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రక్షణలో ఉన్నాయి. పగడపు ముక్కలను, పగడపు రాళ్ళను అందం కోసం తెచ్చి పెట్టడం నేరం. ఎవరైనా రహస్యంగా తెప్పిస్తానంటే ఆ దుకాణంలో చేప కూడా కొనకండి. తొట్టి నీటిని శుభ్రపరిచే బాక్టీరియా నిలవడానికి సిరామిక్ రాళ్ళు చాలు.

అడవిలో, సముద్రంలో పట్టిన ప్రతి చేపా పాపమని నేను అనను. బ్రెజిల్‌లో రియో నెగ్రో ఒడ్డునున్న బార్సెలోస్ వాసులు కార్డినల్ టెట్రాలను చేతివలలతో పట్టి అమ్మి బతుకుతారు. చేపలు కావాలి కాబట్టి ఆ అడవినీ నదినీ కాపాడుకుంటారు. అక్కడి చేపను కొనడం అడవికి మేలే. కానీ ఆ గొలుసులో ప్రతి లంకె కనిపిస్తుంది. హన్మకొండ దుకాణంలో నిలబడ్డ మనకు బాలి నుంచో సెబు నుంచో నాలుగైదు చేతులు మారి వచ్చిన చేపను వలతో పట్టారో సైనైడ్‌తో పట్టారో తేల్చుకునే దారి లేదు. మనం తేల్చుకోగలిగేది హేచరీ చేప ఒక్కదాన్నే. అందుకే నా మొగ్గు దానివైపు.

ఇక తొట్టి నీళ్ళ సంగతి. సముద్రం మనకు రోడ్డున రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కాబట్టి నీళ్ళు మనమే చేసుకోవాలి. బోరునీళ్ళు మన రాతినేలలో కఠినంగా ఉంటాయి, మిషన్ భగీరథ కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. ఆర్ఓ నీటిలో అక్వేరియం ఉప్పును లీటరుకు 35 గ్రాముల చొప్పున కలిపి, సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలపాలి. వంట ఉప్పు పనికిరాదు, దానిలో కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు తగినంత ఉండవు. ఎండకు నీరు ఆవిరవుతుంది కానీ ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్ఓ నీరే పోయాలి. చేప విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ తొట్టి చేప లేకుండానే నడవాలి.

చేప ప్రయాణం సంగతి చాలామందికి తెలియదు. భూపాలపల్లికి రైలు లేదు, హైదరాబాద్‌లో దిగిన సంచి వరంగల్ మీదుగా రోడ్డునే రావాలి. ఆ గంటల్లో సంచి నీటిలో అమ్మోనియా పేరుకుంటుంది. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి ఆమ్లత పెరిగి ఆ అమ్మోనియా అంత హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే వాయువు బయటికి పోయి, అమ్మోనియా విషంగా మారుతుంది. కాబట్టి మూతి విప్పకుండా సంచిని తొట్టిలో తేలనిచ్చి వేడి సమానం చేయండి. విప్పాక గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలుపుతూ కూర్చోకండి. విప్పీ విప్పగానే చేపను అదే ఉప్పదనంలో ఉన్న వేరే చిన్న తొట్టిలోకి మార్చి, సంచి నీటిని పారబోయండి. కొత్త చేపను కొన్ని వారాలు ఆ తొట్టిలోనే ఉంచి, జబ్బు లేదని తేలాకే మిగతావాటితో కలపండి.

అసలు పరీక్ష మాత్రం మే నెల. పగడపు దిబ్బ చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. మన దగ్గర బయట 44, 45 డిగ్రీలు ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, అదే వేడిలో సముద్రపు నీటిలో 6.7 మాత్రమే కరుగుతుంది. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది, చేపకు అవసరం ఇంకా పెరుగుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే చేపకు గాలి అందేది గంటల లెక్కే. చిల్లర్ ఉండాలి, లేదా ఏసీ గది ఉండాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి.

క్లౌన్ చేప తొట్టిలో ఇరవై ఏళ్ళు బతకగలదు. ఇవాళ ఐదో తరగతి చదివే పిల్ల పెళ్ళీడుకొచ్చేదాకా దానికి తిండీ నీళ్ళూ చూసేవాళ్ళు ఇంట్లో ఉండాలి. ఇవన్నీ కుదిరినవాళ్ళు దసరా దాటాక తొట్టి పెట్టి, చలికాలంలో రెండు హేచరీ క్లౌన్ పిల్లలతో మొదలుపెట్టండి. కొన్నాళ్ళకు ఒక గోబీనో డామ్సెల్‌నో చేర్చండి, అవీ హేచరీవే కావాలి. పుట్టిన చోటు చెప్పలేని చేపను, ఎంత అందంగా ఉన్నా, దుకాణంలోనే వదిలి రండి. మే నెల వేడికీ కరెంటు కోతకూ ఏర్పాటు లేని ఇల్లయితే ఉప్పునీటి జోలికి పోకండి, గప్పీలూ మోలీలూ పెంచండి.